ఆమె చూడని పదిహేను నిమిషాలు

పోయినవారం మనం పాలక్కను శిక్షణ గదిలో, మూడో వరుసలో వదిలేసి వచ్చాం. ఇరవై రెండేళ్ళుగా కాన్పుల వార్డులో తల్లుల పక్కన కూర్చుని బిడ్డకు పాలు పట్టడం నేర్పుతున్న కౌన్సిలర్ ఆమె. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు, అందరికీ పాలక్కే. అయిదేళ్ళకోసారి సర్టిఫికెట్ కొత్తది చేయించుకోవాలంటే రెండు రోజులు తరగతుల్లో కూర్చోవాలి. అలా వచ్చింది. మొదటిరోజు పొద్దున పిల్లల డాక్టరు ఒకావిడ తన కొత్త పరిశోధన గురించి చెబుతూ తెర మీద ఒక కేస్ షీట్ చూపించింది. పేర్లూ సంతకాలూ తీసేసి, రాతంతా టైపు చేయించారు. అయినా ఆ కేసు ఎవరిదో పాలక్కకు ఇట్టే తెలిసిపోయింది. తొలి కాన్పు, ఇరవై మూడేళ్ళ తల్లి, కిటికీ పక్క మంచం, మూడేళ్ళ కిందటి గురువారం. కింద ఇలా ఉంది:

"బిడ్డ పదిహేను నిమిషాలు తాగింది. మింగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. తల్లికి ధైర్యం చెప్పాను."

రాసింది పాలక్క. ఆ పదిహేను నిమిషాలు ఆమె చూడలేదు. ఆ మంచం దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు. డిశ్చార్జయి వెళ్ళిన రెండోరోజుకే ఆ బిడ్డ ఒంట్లో నీరంతా ఆరిపోయి, రక్తంలో ఉప్పు పెరిగిపోయి, మళ్ళీ ఆస్పత్రికి వచ్చింది.

తెర మీద ఆ మూడు వాక్యాలు అలాగే వెలుగుతున్నాయి. డాక్టరమ్మ వాటి కింద చూపుడుకర్రతో గీత గీసినట్టు చూపించింది.

"నాలుగేళ్ళలో ఇలా నీరసించి తిరిగొచ్చిన పిల్లలు పదకొండు మంది దొరికారు. అందులో అయిదుగురి కాగితాల్లో కౌన్సిలర్ దగ్గరుండి చూసినట్టు ఉంది. అనుభవమున్న అయిదుగురు మనుషులు చూశారు, విన్నారు, బాగుందని రాశారు. బిడ్డ కడుపులోకి మాత్రం పాలు వెళ్ళలేదు. అంటే ఏమిటి? మన కళ్ళూ చెవులూ అనుకున్నంత నమ్మదగ్గవి కావు."

గదిలో నలభై మంది ఉన్నారు. సగం మంది రాసుకుంటున్నారు.

"అందుకే కొత్త ఫారంలో ఆ గడి తీసేయమని సిఫారసు చేశాను. పూర్తిగా ఒకసారి పాలు తాగడం చూశారా, లేదా అన్న గడి. ఇకమీదట బిడ్డను మిషన్ మీద పెట్టండి, బరువు రాయండి. చాలు. వచ్చేవారం ఫారం అచ్చుకు వెళ్తుంది."

వెనక వరుసలో ఎవరో, "అయితే ఇక చెవులు ఇంట్లో పెట్టేసి డ్యూటీకి రావచ్చన్నమాట" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో కొంత హాయి ఉంది. ఒక్కో తల్లి దగ్గర అరగంట కూర్చోవడం తప్పిపోతుందంటే ఎవరికి చేదు? పాలక్క కూడా పెదాలు కొంచెం సాగదీసింది. నవ్వకపోతే ఎవరైనా తన వైపు చూస్తారేమోనని.

రెండో వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు కూడా నిండలేదు. ముక్కు మీద నుంచి జారే కళ్ళజోడును ఎప్పుడూ పైకి తోసుకుంటూ ఉంటుంది కాబట్టి వార్డులో కళ్ళజోడు పిల్ల అంటారు.

"మేడమ్, మిషన్ చెప్పేది బరువు తగ్గాక కదా. పక్కన కూర్చుని చూస్తే తగ్గకముందే తెలుస్తుంది."

"ఎలా తెలుస్తుంది?"

"బిడ్డ ముందు గబగబా చప్పరిస్తుంది. పాలు దిగాక దవడ నెమ్మదిగా, లోతుగా కదులుతుంది. గుక్కకీ గుక్కకీ మధ్య ఆగి మింగుతుంది. ఆ తేడా నాకు ఎప్పుడూ తప్పు చెప్పలేదు మేడమ్."

డాక్టరమ్మ కసురుకోలేదు. ఆవిడ కసురుకునే మనిషి కాదు. "నీ నమ్మకాన్ని నేను కాదనను. కానీ ఇక్కడ అయిదుగురి రాతపూర్వకమైన సాక్ష్యం ఉంది. నీ దగ్గర ఏముంది?"

ఆ పిల్ల కళ్ళజోడు పైకి తోసుకుంది. డాక్టరమ్మ గదంతా కలయజూసి పాలక్క మీద చూపు ఆపింది. "పాలక్కా, మీకంటే పెద్దవాళ్ళు ఈ గదిలో లేరు. మీరు చెప్పండి."

నలభై మెడలు ఇటు తిరిగాయి. ఆ క్షణంలో చెప్పేయవచ్చు. ఆ కాగితం అబద్ధం, ఆ పిల్ల చెప్పింది నిజం అని ఒక్క మాట అంటే అయిపోయేది. పాలక్క గొంతు సవరించుకుంది.

"కాగితంలో ఉన్నదాన్ని కాదనలేం కదండీ" అంది.

కళ్ళజోడు పిల్ల "సారీ మేడమ్" అని కూర్చుంది. ఆ సారీ ఎవరు ఎవరికి చెప్పాల్సిందో తెలిసిన మనిషి గదిలో ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి తల దించుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

మధ్యాహ్నం భోజనానికి వదిలారు. పాలక్క రెండు ముద్దలు మింగి లేచిపోయి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ నిలబడింది. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి, ఆమె మాత్రం కడుగుతూనే ఉంది. పక్క కుళాయి దగ్గరికి కళ్ళజోడు పిల్ల వచ్చింది.

"అక్కా, ఒకటి అడగనా? కోపం తెచ్చుకోరుగా."

"అడుగు."

"చేరిన మొదటి నెలంతా మీ వెనకే తిరిగాను. కుర్చీ లాక్కుని కూర్చో, నిలబడి చూస్తే తల్లికి నువ్వు వెళ్ళిపోయే మనిషిలా కనిపిస్తావు అన్నారు. అప్పట్నుంచి నేను కుర్చీ లేకుండా ఏ మంచం దగ్గరికీ వెళ్ళలేదు. అదంతా పాతకాలపు చాదస్తమేనంటారా?"

పాలక్క కుళాయి కట్టేసింది. "చాదస్తం కాదు."

"మరి అక్కడ అలా అన్నారేం?"

ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతోంది. నిష్ఠూరమాడి ఉంటే పాలక్క ఎలాగో తప్పించుకునేది. పెద్దరికం చూపించి నోరు మూయించేది. ఇలా అడిగేసరికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తడి చేతులతోనే అక్కడి నుంచి నడిచింది. ఎక్కడికి పోతున్నానని తనను తాను అడిగితే కాళ్ళు ఆగిపోతాయని అడగలేదు. వసారా చివర డాక్టరమ్మకు ఇచ్చిన చిన్న గది తలుపు తట్టింది.

అది నిజానికి సామాన్ల గది. పాఠాలు చెప్పడానికి వాడే గుడ్డ బొమ్మలు, పసిపిల్లల సైజువి, ఒకదాని మీద ఒకటి కుర్చీలో పడేసి ఉన్నాయి. డాక్టరమ్మ టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కాగితాలు తిప్పుతోంది. పాలక్కను చూసి లేచి, బొమ్మల్ని ఒడిలోకి ఎత్తుకుని బల్ల మీద పెట్టి కుర్చీ ఖాళీ చేసింది.

"రండక్కా. పొద్దున ఆ అమ్మాయి పాపం చిన్నబోయినట్టుంది. మీరు ఆ మాట అనబట్టి సరిపోయింది."

పాలక్క కూర్చోలేదు. "ఆ కాగితం నాది డాక్టరు గారూ."

"ఏ కాగితం?"

"తెర మీద చూపించారే, అది. కిటికీ పక్క మంచం. నేనే రాశాను." ఊపిరి తీసుకుంది. "నేను చూడలేదు. బిడ్డ తాగడం చూడలేదు, చప్పుడు వినలేదు. ఊరికే రాశాను."

డాక్టరమ్మ చేతిలోని ముద్ద డబ్బాలోకి జారింది. తర్వాత నెమ్మదిగా, "కూర్చోండి" అంది. "ఏం జరిగింది?"

"ఆ రోజు వార్డు ఇన్‌చార్జి రిటైరవుతున్నారు. స్టాఫ్ రూములో కేకు పెట్టారు. రెండుసార్లు మనిషిని పంపారు, నువ్వొస్తేగాని కోయం అన్నారు. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. బిడ్డ రొమ్ము పట్టుకోగానే నిద్రపోతోంది మేడమ్, కాస్త కూర్చుని చూస్తారా అంది. అయిదు నిమిషాల్లో వస్తానన్నాను. డిశ్చార్జి కాగితాలకు నా సంతకం కావాలని గుమాస్తా నిలబడి ఉన్నాడు. కౌంటర్ మీద పెట్టి, నిలబడే రాసేశాను. వచ్చి చూస్తాను కదా, రాస్తే ఏం పోయింది అనుకున్నాను. వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి కూడా మడతపెట్టేశారు."

డాక్టరమ్మ వింటోంది.

"మూడేళ్ళుగా ఒక మంచి కారణం కోసం వెతికాను. ఒంట్లో బాగోలేదనో, ఇంట్లో ఎవరికో ఏదో అయిందనో, ఆ రోజు వార్డులో మరీ రద్దీ అనో. ఏదీ లేదు డాక్టరు గారూ. నేను కేకు తింటున్నాను."

ఆ మాట అన్నాక తనకు ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి, చిన్నప్పుడు క్లాసులో బెంచీ ఎక్కించినప్పటిలా.

డాక్టరమ్మ డబ్బా మూత పెట్టింది. "ఇది పొద్దున చెప్పి ఉండాల్సింది."

"అవును."

"అంతమంది ముందు ఆ అమ్మాయి నోరు మూయించాను. సాక్ష్యం ఉందన్నాను."

"అవును."

"ఈ పరిశోధన వ్యాసం పత్రికకు పంపేశాను అక్కా. ఫారం మార్చమని పైవాళ్ళకు రాశాను. వార్డుల్లో ఎవరూ తల్లి పక్కన కూర్చోనక్కర్లేదని నా పేరు పెట్టి చెప్పాను." ఆవిడ కాగితాల కట్ట విప్పింది. "ఆగండి. ఇవి చూడండి. మిగతా నాలుగు. మీ ఆస్పత్రివి కావు, వేరే మూడు చోట్లవి."

పాలక్క కళ్ళజోడు పెట్టుకుని వంగింది. మొదటి కాగితం చదివింది. రెండోది చదివింది. మూడోది చదవనక్కర్లేకపోయింది.

బిడ్డ పదిహేను నిమిషాలు తాగింది. మింగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. తల్లికి ధైర్యం చెప్పాను.

నాలుగింటిలోనూ అదే. పదిహేను నిమిషాలే. ఒకదానిలో పద్నాలుగు లేదు, ఇంకోదానిలో ఇరవై లేదు.

"ఇన్నాళ్ళూ ఇదే నాకు బలంగా కనిపించింది" అంది డాక్టరమ్మ. "అయిదుగురూ ఒకే మాట రాశారంటే అయిదుగురూ ఒకే సంగతి చూశారనుకున్నాను. వాళ్ళకు ఇదెక్కడి నుంచి వచ్చింది?"

పాలక్కకు గోడ మీది నల్లబల్ల కళ్ళ ముందు కనిపించింది. ఆరేళ్ళ కిందట కొత్తవాళ్ళకు తనే రెండు నెలలు క్లాసులు చెప్పింది. అన్ని ఆస్పత్రుల నుంచీ వచ్చారు. ఫారం ఎలా నింపాలో తెలియడం లేదంటే, నమూనాగా ఉంటుందని మూడు వాక్యాలు బోర్డు మీద రాసింది. అందరూ నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు.

"నా నుంచే" అంది. "నేనే రాసిచ్చాను. ఇలా రాయండి అని."

"అంటే వీళ్ళు కూడా చూశారో లేదో మనకు తెలియదు."

"తెలియదు."

కిటికీ అవతల వంటగది వైపు నుంచి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వస్తోంది. డాక్టరమ్మ నుదురు అరచేత్తో రుద్దుకుంది. ఆవిడ కోప్పడుతుందని, బయటికి పొమ్మంటుందని పాలక్క చూస్తోంది. ఆవిడ వేరే ఏదో ఆలోచనలో పడింది.

"నేనూ తక్కువేం చేయలేదక్కా" అంది చివరికి. "ఆరు నెలల కిందట ఆ తల్లితో ఫోన్లో మాట్లాడాను. మేడమ్, నా దగ్గర ఎవరూ కూర్చోలేదు, అడిగితే వస్తానని వెళ్ళిపోయారు అంది. నేనేం చేశానో తెలుసా? కాన్పు అలసటలో తల్లులకు సరిగా గుర్తుండదు అని కాగితం అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను. అనుభవించిన మనిషే చెబుతుంటే వదిలేసి, టైపు చేసిన కాగితాన్ని నమ్మాను."

పాలక్క కళ్ళజోడు తీసి మడిచింది.

"పాప ఇప్పుడు ఆరోగ్యంగానే ఉందట. కానీ ఆ ఇంట్లో ఆమె మాట ఎవరూ నమ్మలేదు. ఆస్పత్రిలో బాగా తాగిందని కాగితం ఉంది కదా, ఇంటికొచ్చాక నువ్వే పట్టించుకోలేదు అన్నారట. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె కన్నబిడ్డను ఎండగట్టిన తల్లి. ఇప్పుడు మళ్ళీ ఎనిమిదో నెల. ఈసారి రొమ్మే ఇవ్వనంటోంది. నా వల్ల కాదు, డబ్బా పాలు పట్టేయండి అంటోంది." ఆవిడ గడియారం చూసింది. "రెండున్నరకు ఇక్కడికి వస్తోంది, మన క్లాసులో తన అనుభవం చెప్పడానికి. అత్తగారిని వెంటపెట్టుకుని."

పాలక్క కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఫారం సంగతి నేను చూసుకుంటాను. వ్యాసం వెనక్కి తీసుకుంటాను. కానీ ఆ ఇంటికి నేను చెబితే చాలదు. రాసిన మనిషి చెప్పాలి."

"చెబుతాను."

"అందరి ముందూ?"

"అందరి ముందూ."

డాక్టరమ్మ ఆమె మొహంలోకి చూసింది. "ఇంకేమైనా ఉందా అక్కా? ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పేయండి. మళ్ళీ ఇంకోటి బయటపడితే తట్టుకునే ఓపిక నాకు లేదు."

"అంతే డాక్టరు గారూ" అంది పాలక్క. "ఇంకేం లేదు."

రెండున్నరకు అయిదు నిమిషాల ముందే ఆ తల్లి వచ్చింది. పొట్టను ఒక చేత్తో ఆనించి పట్టుకుని, అలసిపోయినట్టు మెల్లగా నడుస్తోంది. జుట్టు క్లిప్పులో బిగించి ఉంది. పాలక్క గుర్తుపట్టింది. మొహం కొంచెం నిండుగా అయింది గానీ అవే కళ్ళు, అడిగినదానికి జవాబు వస్తుందో రాదో అన్నట్టు చూసే కళ్ళు. పక్కన సన్నగా పొడుగ్గా అత్తగారు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు వరుసలో నిటారుగా కూర్చుంది. ఇక్కడికి రావడం ఆవిడకు ఇష్టం లేదని కూర్చోవడంలోనే తెలుస్తోంది.

తల్లి చూపు గదంతా తిరిగి పాలక్క దగ్గర ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది.

డాక్టరమ్మ ముందుకొచ్చింది. "పొద్దున నేను చెప్పినదాంట్లో తప్పుంది" అంది. "అయిదు కాగితాల్ని సాక్ష్యంగా చూపించాను. అందులో ఒకటి నిజం కాదు. మిగతా నాలుగూ నిజమో కాదో నాకు తెలియదు. అడగాల్సిన ప్రశ్నలు అడగకుండా మీకు పాఠం చెప్పాను. పొద్దున నన్ను కాదన్న అమ్మాయికి ముందుగా నా క్షమాపణ." కళ్ళజోడు పిల్ల బిత్తరపోయి చుట్టూ చూసింది. "ఇక మిగతాది చెప్పాల్సింది నేను కాదు."

పాలక్క లేచింది. మూడో వరుస నుంచి ముందుకు పది అడుగులు కూడా లేవు. అంత చిన్న దూరంలో మోకాళ్ళు రెండుసార్లు కుర్చీలకు తగిలాయి. ఇరవై రెండేళ్ళలో ఎన్నో గదుల ముందు నిలబడి మాట్లాడింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు అవి ఎక్కడా ఇమడలేదు.

"ఆ ఒక్కటి నాది" అంది. "ఆ రోజు ఈ అమ్మాయి నన్ను పక్కన కూర్చోమని అడిగింది. నేను కూర్చోలేదు. బిడ్డ తాగడం చూడకుండానే చూశానని రాశాను. స్టాఫ్ రూములో కేకు ఉందని వెళ్ళాను." వెనక వరుసలో ఎవరో కుర్చీలో కదిలారు. పొద్దున చెవుల గురించి హాస్యమాడిన మనిషి తల పక్కకు తిప్పుకుంది. పాలక్క అత్తగారి వైపు తిరిగింది. "మీ కోడలు అబద్ధం చెప్పలేదమ్మా. నిర్లక్ష్యం చేసింది తను కాదు. నేను చేశాను."

తల్లి మొహంలో ఏ మార్పూ లేదు. మామూలు గొంతుతో అంది:

"మా అత్తయ్యకు ఎడమ చెవి వినపడదు. మీరు ఎడమ పక్కన నిలబడ్డారు. ఇటొచ్చి చెప్పండి."

పాలక్క అర్థం కానట్టు చూసింది. తర్వాత కుర్చీ వెనక నుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చింది. వంగింది. అంతమంది చూస్తుండగా, కొత్తగా చేరిన పిల్లలు చూస్తుండగా, ఒక ముసలావిడ చెవి దగ్గర నోరు పెట్టి ఆ మాటలన్నీ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు తలలో ఏదో హోరు ఉండి తన మాట తనకే వినపడలేదు. రెండోసారి ప్రతి అక్షరమూ వినపడింది. కేకు అన్న మాట నోట్లోనే ఉండిపోయింది. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

అత్తగారు విన్నది. సంచీ మీద ఉన్న చెయ్యి కొంచెం జరిపి, కోడలి మోచేతి మీద పెట్టబోయి, ఎందుకో మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అడిగినప్పుడల్లా ఇది ఒకే మాట చెప్పింది" అంది ఎవరినీ ఉద్దేశించకుండా. "ఏడ్చి చెప్పింది, అరిచి చెప్పింది. తర్వాత చెప్పడం మానేసింది. మానేస్తే, తప్పు ఒప్పుకుందనుకున్నాం."

"నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదమ్మా" అంది పాలక్క.

ఆవిడ తలెత్తి, మొదటిసారిగా పాలక్కను పరీక్షగా చూసింది. నుదుటి మీద గీతలు దగ్గరపడ్డాయి.

"ఉండు. నీ గొంతు నేను ఇంతకుముందు విన్నాను."

పాలక్క నిటారుగా లేచింది.

"మా వాడు ఫోన్ చేసినప్పుడు మాట్లాడింది నువ్వే కదూ? బిడ్డను మళ్ళీ చేర్చిన రోజు సాయంత్రం. స్పీకర్ పెట్టాడు, నేను పక్కనే ఉన్నాను. మా ఆవిడ ఎవరూ చూడలేదంటోంది, నిజం చెప్పండి అని రెండుసార్లు అడిగాడు. నేనే చూశాను, పదిహేను నిమిషాలు పక్కనే కూర్చున్నాను అన్నావు. అంతటితో ఆగావా? కాన్పయ్యాక కొందరికి మనసు స్థిమితంగా ఉండదు బాబూ, జరిగింది జరగలేదంటారు, బిడ్డ దగ్గర ఆమెను ఒంటరిగా వదలకండి అన్నావు."

డాక్టరమ్మ పాలక్క వైపు మెల్లగా తిరిగింది. "ఇంకేం లేదన్నారు కదక్కా" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఓపిక కూడా లేదు.

పాలక్క నేల వైపు చూసింది. ఆ ఫోన్ సంగతి తను మరిచిపోలేదు. మూడేళ్ళలో ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. కేకు సంగతి చెప్పుకుంటే చాలనుకుంది. అది సిగ్గుపడదగ్గ తప్పే గానీ, ఎవరైనా చేయగలిగిన తప్పు. తనను నమ్మి అడిగిన మనిషికి ఒక తల్లి మీద చాడీ చెప్పడం వేరు. దానికి ఆమె దగ్గర మాటలు లేవు.

తల్లి కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. ఆమె మొహం ఇప్పుడు మారింది.

"ఏ ఫోను అత్తయ్యా?"

అత్తగారు ఒళ్ళో సంచీ దగ్గరికి లాక్కుంది.

"నాకు మనసు బాగోలేదని చెప్పారా?" ఈసారి పాలక్కను అడిగింది. "బిడ్డ దగ్గర ఒంటరిగా వదలొద్దని చెప్పారా?"

"చెప్పాను" అంది పాలక్క. మాట బయటికి వచ్చిందో లేదో ఆమెకే తెలియలేదు. మళ్ళీ అంది. "చెప్పాను."

"పాపను నెల తిరక్కుండానే మా ఆడపడుచు ఇంటికి పంపేశారు." తల్లి చాలా నెమ్మదిగా, తనకు తాను లెక్క చెప్పుకుంటున్నట్టు మాట్లాడుతోంది. "మూడేళ్ళ నుంచీ అక్కడే ఉంది. ఆవిడనే అమ్మా అని పిలుస్తోంది. వారానికోసారి వెళ్ళి చూసి వస్తాను, ఎవరో ఒకరు పక్కనుంటారు. ఎందుకు పంపారని అడిగితే, కొన్నాళ్ళు నువ్వు విశ్రాంతి తీసుకో అన్నారాయన. ఇదిగో, కడుపులో ఉన్న దీన్ని కూడా పుట్టగానే అక్కడికే పంపాలని మొన్న ఆదివారం తేల్చారు. నాలో ఏం లోపముందో నాకు ఎవరూ చెప్పలేదు. నాకే ఏదో ఉందేమోననుకున్నాను."

కళ్ళజోడు పిల్ల లేచి వెళ్ళి ఆమె వెనక ఒక కుర్చీ దగ్గరగా జరిపింది. తల్లి కూర్చోలేదు. అత్తగారి ఒళ్ళోంచి చేతిసంచీ తనే తీసుకుని, లోపల చెయ్యి పెట్టి వెతికి ఆవిడ ఫోన్ తీసింది. భర్త నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, బల్ల మీద పాలక్క ముందుకు జరిపింది.

నాలుగుసార్లు మోగింది.

"ఏంటమ్మా, అయిపోయిందా?" అంది అవతల మగగొంతు. "మళ్ళీ ఏమైనా గొడవ చేసిందా?"

అత్తగారు నోరు తెరవలేదు. తల్లి కూడా. గదిలో ఉన్న అందరి కళ్ళూ పాలక్క మీదే ఉన్నాయి.

"హలో? ఎవరూ మాట్లాడరేం?"

పాలక్క ఫోన్ మీదికి వంగింది.